కంకర రోడ్డు మీద ఆరేళ్ళు

అమెరికన్ గాయని, పాటల రచయిత్రి లూసిండా విలియమ్స్ ఆల్బమ్ "కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్" గురించి ఎవరు మాట్లాడినా ముందుగా ఎత్తుకునేది పాటల సంగతి కాదు, ఆలస్యం సంగతి. అంతకు ముందటి ఆల్బమ్ 1992లో వచ్చింది. ఇది 1998 జూన్ 30న వచ్చింది. మధ్యలో మూడు నగరాల్లో రికార్డింగులు, చేతులు మారిన ప్రొడ్యూసర్లు, చేతులు మారిన కంపెనీ, చాలావరకు అయిపోయిందనుకున్న ఆల్బమ్‌ను పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి పాడటం. ఈ కథ చెప్పుకోవడానికి ఎంత రుచిగా ఉంటుందంటే, చెప్పేవాళ్ళు పాటల దాకా రావడమే మరిచిపోతారు. కథ చివర తీర్పు కూడా తయారుగానే ఉంటుంది: ఆవిడకు చాదస్తం ఎక్కువ, దేనికీ తృప్తి పడే మనిషి కాదు, అయినా చివరికి గొప్ప ఆల్బమే ఇచ్చింది అని. నాకు ఆ "అయినా" దగ్గరే పేచీ. ఆ ఆరేళ్ళు ఈ పాటలకు బయట నడిచిన గొడవ కాదని, పాటలో పడిన శ్రమ వినేవాడి చెవికి తగలకుండా చేయడానికి పట్టిన కాలమే అదని నేను నమ్ముతున్నాను.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఇది నచ్చలేదన్న మాట ముందే చెప్పుకోవాలి. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు ఆర్కెన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో ఉన్నాను. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి అక్కడ మన తెలుగువాళ్ళకు కొదవ లేదు. శని ఆదివారాలు వస్తే ఎవరో ఒకరి ఇంట్లో భోజనాలు, బాలు పాటలు, పిల్లల కూచిపూడి క్లాసులు. ఆఫీసులో నా పక్క సీటాయన మాత్రం ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగి, దగ్గర్లోని ఫయెట్‌విల్‌లో ఉన్న ఆర్కెన్సా విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. ఒకరోజు ఒక సీడీ నా బల్ల మీద పెట్టి, మా ప్రొఫెసరుగారి అమ్మాయి పాడింది, విను అన్నాడు. ఆ ప్రొఫెసరు మిల్లర్ విలియమ్స్, కవి, 1997లో క్లింటన్ రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన సభలో తన కవిత చదివినాయన. కవిగారి కూతురు అనేసరికి ఏదో నిండుగా, హుందాగా ఉంటుందనుకుని కారులో పెట్టుకున్నాను. వినిపించింది ఒక గరుకు గొంతు. పదాల చివరలు మింగేస్తుంది, కొన్నిచోట్ల నిద్ర మత్తు వదలనట్టు సాగదీస్తుంది, పై స్వరానికి వెళ్ళవలసిన చోట వెళ్ళీ వెళ్ళనట్టు ఆగుతుంది. సుశీలగారి గొంతుతో పెరిగిన చెవికి అది పాటలా అనిపించలేదు. సీడీ డాష్‌బోర్డు అరలో పడిపోయింది.

ఆ వేసవిలో బఫెలో నది చూడటానికి వెళ్తుంటే ఓజార్క్ కొండల్లో ఒకచోట తారు అయిపోయి రాళ్ళ రోడ్డు మొదలైంది. ఫోన్‌కు సిగ్నల్ పోయింది, రేడియో గరగరలాడింది, అరలో చేతికి అందింది ఆ సీడీయే. రెండో పాట మొదలయ్యేసరికి టైర్ల కింద రాళ్ళు చిట్లే చప్పుడు, పాటలోని చప్పుడు వేరు చేయలేకపోయాను.

ఇక్కడ ఒక పక్కమాట. మా నాన్నగారు రోడ్లు, భవనాల శాఖలో పనిచేశారు. ఆయన లెక్కలో కంకర వేరు, గ్రావెల్ వేరు: క్రషర్‌లో పగలగొట్టిన రాయి కంకర, దాన్నే వాళ్ళ శాఖలో మెటల్ అంటారు; గ్రావెల్ అంటే గుట్టల్లోంచి తవ్వి తెచ్చే ఎర్రమట్టి, తెలంగాణలో మొరం అనేది. ఈ వ్యాసం పేరు చూసి ఉంటే, గ్రావెల్ రోడ్డును కంకర రోడ్డు అంటావేమిట్రా అని తప్పకుండా దిద్ది ఉండేవారు. కానీ నా చెవికి ఈ ఆల్బమ్‌లోని చప్పుడు కంకరదే. నాన్నగారికి బదిలీ అయినప్పుడల్లా సామానంతా లారీకెక్కించి మేమూ అందులోనే వెళ్ళేవాళ్ళం. అమ్మ ఒళ్ళో చెల్లి, పక్కన పరుపు చుట్టకు ఆనుకుని నేను. ఏ అర్ధరాత్రో కొత్త ఊరి పొలిమేరలో లారీ తారు దిగి కంకర మీదికి ఎక్కగానే ఆ చప్పుడుకు మెలకువ వచ్చేది. అమ్మా నాన్నా గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకుంటూ ఉండేవారు. నేను లేచినట్టు తెలిస్తే మాట మార్చేవారు.

ఆల్బమ్ పేరు పెట్టుకున్న ఆ రెండో పాటలో ఉన్నది సరిగ్గా ఇంతే. జార్జియాలోని మేకన్‌లో ఒక ఇంటి వంటగది, కాఫీ వాసన, గుడ్లు, బేకన్ వేగుతున్న వాసన, రేడియోలో అమెరికా పల్లెపాటలైన కంట్రీ సంగీతంలో పేరున్న లొరెట్టా లిన్ గొంతు. తాళం చెవుల గుత్తి, దుమ్ము పట్టిన సూట్‌కేసు. గది సర్దమని, చెప్పిన మాట వినమని పెద్దవాళ్ళ కసుర్లు. ఎవరు ఎవరిని కసురుతున్నారో పాట చెప్పదు. కారు కదులుతుంది. ముందు సీట్లోంచి వినీ వినిపించని మాటలు. వెనక సీట్లో నాలుగైదేళ్ళ పిల్ల కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, చెంపల మీద మట్టి, కన్నీళ్ళు కలిసిపోయి. ఎందుకు ఊరు వదులుతున్నారు, ఎవరి మీద ఎవరికి కోపం, ఆ తరువాత ఏమైంది, ఏదీ ఉండదు. ప్రతి చరణం చివరా చక్రాల చప్పుడు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

లూసిండా 1953లో లూయిజియానాలోని లేక్ చార్లెస్‌లో పుట్టింది. తండ్రి ఉద్యోగాల వెంట కుటుంబం దక్షిణాది రాష్ట్రాల్లో ఊరి తరువాత ఊరు తిరిగింది. మెక్సికో నగరంలోనూ, చిలీలోనూ కూడా ఉంది. తల్లి పియానో వాయించేది, మానసిక అనారోగ్యంతో బాధపడేది; తల్లిదండ్రులు విడిపోయాక పిల్లలు తండ్రి దగ్గర పెరిగారు. ఇవేవీ పాటలో లేవు. నాష్‌విల్‌లోని బ్లూబర్డ్ కఫేలో ఆమె ఈ పాట పాడినప్పుడు తండ్రి వినేవాళ్ళలో కూర్చుని ఉన్నాడు. పాట అయ్యాక దగ్గరికి వచ్చి, నన్ను క్షమించమ్మా అన్నాడు. ఎందుకు నాన్నా అని ఆమె అడిగితే, వెనక సీట్లో ఉన్న పిల్లవి నువ్వే కదా అన్నాడు. అంతవరకు ఆ సంగతి తనకే తట్టలేదని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఈ ముచ్చటను చాలామంది హృదయం కరిగే కథగా చెబుతారు. నాకు ఇది పాట కట్టడం గురించిన సాక్ష్యంగా కనిపిస్తుంది. చెప్పవలసిన దాన్ని ఎంత వరకు చెప్పి ఆపాలో అంత కచ్చితంగా తెలిసిన చేయి ఇది. ఒక్క మాట ఎక్కువ పడి ఉంటే ఆ తండ్రి గుర్తుపట్టవలసిన పని ఉండేది కాదు, పాటే చెప్పేసి ఉండేది.

ఇంత తక్కువ సరంజామాతో కట్టిన పాటకు ఒక ఇబ్బంది ఉంది. ఇరవై వయొలిన్లు మోగే పాటలో గాత్రం కొంచెం తడబడినా కప్పుకుపోతుంది. ఇందులో గొంతు ఒక్క పిసరు ఎక్కువ ఏడ్చినా, ఒక్క పిసరు తక్కువ పట్టించుకున్నా, పాట మొత్తం నటనలా వినిపిస్తుంది. ఆమె పట్టుపట్టింది సరిగ్గా ఈ విషయం మీదే. 1995లో ఆస్టిన్‌లో రికార్డింగు మొదలుపెట్టినప్పుడు ప్రొడ్యూసరు గర్ఫ్ మోర్లిక్స్, పదేళ్ళకు పైగా ఆమె పక్కన గిటారు వాయించినవాడు. అక్కడ చాలా పని అయింది. ఆ దశలో కంట్రీ, రాక్ పాటగాడు స్టీవ్ అర్ల్ 1996 ఆల్బమ్‌లో ఒక పాటకు ఆమె గొంతు కలిపింది. అతనితో కలిసి పనిచేసే రికార్డింగు ఇంజనీరు రే కెనెడీ పాత అనలాగ్ పరికరాల మీద ఆ గాత్రాన్ని పట్టిన తీరు విన్నది. తన పాటల్లో తన గొంతు అలా లేదని అప్పుడు ఆమెకు అర్థమైంది. దాంతో నాష్‌విల్‌లో అర్ల్, కెనెడీలతో మళ్ళీ మొదటి నుంచి పాడింది. అర్ల్‌కు తన పర్యటనల గడువు ముంచుకొచ్చింది, ఓపికా అయిపోయింది. మిగిలింది లాస్ ఏంజెలెస్‌లో రాయ్ బిట్టన్ దగ్గర పూర్తి చేసింది. ప్రొడ్యూసరు రిక్ రూబిన్ రికార్డు కంపెనీలో మొదలైన ఆల్బమ్ అక్కడి చిక్కుల వల్ల చివరికి మెర్క్యురీ అనే మరో కంపెనీ ద్వారా బయటికి వచ్చింది.

ఇదంతా చంచలత్వమనే ముందు ఆమె అంతకు ముందు ఏం చూసిందో తెలియాలి. 1979లోనూ 1980లోనూ ఫోక్‌వేస్ కంపెనీకి రెండు చిన్న ఆల్బములు చేసింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళు ఏదీ రాలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఒక పెద్ద కంపెనీ ఆమె నమూనా పాటలు విని, రాక్ అనడానికి కంట్రీ వాసన ఎక్కువగా ఉందని కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌కు పంపితే, నాష్‌విల్‌వాళ్ళు కంట్రీ అనడానికి రాక్ వాసన ఎక్కువగా ఉందని తిప్పి పంపారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. చివరికి 1988లో ఆమె పాటలు తీసుకున్నది ఇంగ్లండ్‌లో పంక్ రికార్డులు వేసుకునే రఫ్ ట్రేడ్. ఆ తరువాత మరో పెద్ద కంపెనీ చేరదీసి, రేడియోకు పనికొచ్చేలా ఆమె పాటలను వేరేవాళ్ళ చేత మిక్సింగ్ చేయిస్తే, వినలేక బయటికి వచ్చేసింది. కంట్రీనీ రాక్‌నూ కలిపే ఈ తరహాకు ఆల్టర్నేటివ్ కంట్రీ అన్న పేరు జనం నోట్లో నిలబడిందే తొంభైల నడుమ. అప్పటికి ఆమె పదిహేనేళ్ళుగా ఆ పనే చేస్తోంది. వేరేవాళ్ళు సర్దిన తన గొంతు తనది కాదని ఇన్నిసార్లు తెలుసుకున్న మనిషి నాలుగోసారి తొందరపడాలని ఎలా అడుగుతాం?

పైగా ఈ నింద మగవాళ్ళకు ఇంత తేలిగ్గా పడదు. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ "బోర్న్ టు రన్" అన్న ఒక్క పాట మీద ఆరు నెలలు కూర్చున్నాడు. రాక్ సంగీతం గురించి రాసేవాళ్ళు దాన్ని తపస్సుగా చెబుతారు. ఆ పాట పేరే పెట్టుకున్న 1975 ఆల్బమ్‌లో పియానో వాయించిన రాయ్ బిట్టనే లూసిండా పని పూర్తి చేయించినవాడు కావడం విచిత్రం. అక్కడ దీక్ష, ఇక్కడ చాదస్తం. 1997లో న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రికలో ఆమె గురించి వచ్చిన దీర్ఘ కథనం ఆమెను స్టూడియోలో నలిగిపోతున్న మనిషిగా చూపించింది. ఆల్బమ్ రాకముందే ఆ ముద్ర పడిపోయింది. అది చదివిన వాళ్ళు పాటల్లో కూడా నలుగుడునే వెతికారు. పాటల్లో అది లేదు. ఉన్నదంతా నడిరోడ్డు మీద చేయి కిటికీలో పెట్టుకుని కూర్చున్నంత సావకాశం.

ఆ సావకాశం ఎంత దూరం వెళ్తుందో "టూ కూల్ టు బి ఫర్‌గాటెన్" వింటే తెలుస్తుంది. మిసిసిపీలోని రోజ్‌డేల్‌లో ఒక నల్లజాతి వారి సారాయి కొట్టు, అక్కడ సంగీతం కూడా ఉంటుంది. వాటిని జూక్ జాయింట్ అంటారు. పాటలో సగం ఆ గోడ మీది బోర్డులు చదవడమే: పన్నెండు దాటితే బీరు అమ్మబడదు, బూతులు కూడదు, జూదం కూడదు, కొట్లాట కూడదు, అప్పు లేదు, అడగవద్దు. మన ఇరానీ హోటళ్ళ నిబంధనల పట్టిక, కిరాణా కొట్లలో "అప్పు రేపు" చూసినవాళ్ళకు ఇది పాటెలా అవుతుందని అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఆ బోర్డుల మధ్యలోనే, చదివే గొంతు మారకుండానే, సైతానుకు ఆత్మను అమ్ముకుని గిటారు నేర్చుకున్నాడని జనం చెప్పుకునే పాతకాలపు బ్లూస్ గాయకుడు జాన్సన్‌గారు మూల కూర్చుని పాడుతుంటాడు. బోర్డు ఎంత నిజమో ఆయనా అంతే నిజం. గొంతు అక్కడ ఒక్క మెట్టు పైకి లేచి ఉంటే పాట పురాణం అయిపోయేది.

"డ్రంకెన్ ఏంజెల్" గురించి కొంచెం నిలిచి చెప్పాలి. ఆస్టిన్‌లో బ్లేజ్ ఫోలీ అనే పాటగాడు ఉండేవాడు. ఇల్లూ వాకిలీ లేనివాడు, తాగుబోతు, స్నేహితులు ప్రాణం పెట్టేవాడు. 1989 ఫిబ్రవరి 1న తుపాకీ గుండుకు చనిపోయాడు. తనకు తెలిసిన ఒక ముసలాయన తరఫున ఆయన కొడుకుతో తగాదా పెట్టుకోవడం వల్ల అది జరిగింది. కాల్చిన కొడుకును ఆత్మరక్షణ కింద కోర్టు వదిలేసింది. ఇంత నాటకం ఉన్న చావును పాటగా రాయమంటే ఎవరైనా తగాదాను రాస్తారు. లూసిండా బూట్లను రాసింది. ఫోలీ చిరిగిన బూట్లకు డక్ట్ టేపు చుట్టుకుని తిరిగేవాడు. పాటలో అతను ఆ టేపు బూట్లతో, అనాథ బట్టలతో కనిపిస్తాడు. గుండె నుంచి కారిన నెత్తురు గిటారు తీగల మీద పడుతుంది, అంతే. పాట అతన్ని జాలిగా చూడదు, దేవుణ్ణి చేయదు. ఎందుకు వదిలేసుకున్నావని కసురుతుంది. బతికున్న స్నేహితుణ్ణి తిట్టినట్టే చనిపోయినవాణ్ణి తిడుతుంది. ఈ తిట్టు వినపడాలంటే గొంతులో ఏడుపు జీర ఉండకూడదు, ఏడవనట్టు కూడా ఉండకూడదు. ఆ రెండింటి మధ్య ఎంత సన్నని దారి ఉందో ఇంట్లో ఒకసారి పాడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

"లేక్ చార్లెస్" కూడా చనిపోయిన మనిషి పాటే, ఒకప్పటి ఆమె ప్రేమికుడిది. అతను పుట్టింది టెక్సస్‌లోని నాకడోచస్‌లో. కానీ అందరికీ లేక్ చార్లెస్ మాది అని చెప్పుకునేవాడు. ఆ చిన్న అబద్ధం మీదే పాటంతా నిలబడి ఉంటుంది. పసుపు రంగు ఎల్ కమీనో బండిలో బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ పాటలు పెట్టుకుని లఫయెట్, బ్యాటన్ రూజ్ మీదుగా తిరగడం, ఆ తరువాత చివరి ఘడియల్లో ఏ దేవదూత అయినా నీ చెవిలో ఏదైనా చెప్పాడా అన్న ప్రశ్న. లేక్ చార్లెస్ ఆమె పుట్టిన ఊరని తెలిస్తే ఆ అబద్ధానికి ఇంకో అర్థం వస్తుంది. పాట ఆ సంగతి కూడా చెప్పదు.

అన్నీ ఈ స్థాయిలో లేవు. మొత్తం పదమూడు పాటలు. "స్టిల్ ఐ లాంగ్ ఫర్ యువర్ కిస్" నాకు మామూలుగానే వినిపిస్తుంది. "కాంట్ లెట్ గో" ఆమె రాసింది కాదు, రాండీ వీక్స్ రాసింది, హుషారుగా ఉంటుంది, అంతకన్న చెప్పడానికేమీ లేదు. "ఐ లాస్ట్ ఇట్" మాత్రం నా వాదనకు పనికొస్తుంది: 1980 ఆల్బమ్‌లో ఉన్న సొంత పాటనే ఆమె ఇక్కడ మళ్ళీ పాడింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. పాతదానిలో పాట ఎంత బాగుందో చూపించాలన్న ఆత్రం ఉన్న అమ్మాయి పాడుతుంది. కొత్తదానిలో నిజంగా ఏదో పోగొట్టుకుని ఎక్కడ జారిపోయిందో తెలియని మనిషి పాడుతుంది. పద్దెనిమిదేళ్ళ తేడా. "జాయ్" అనే పాటలో ఇంకా తెగించింది: నా సంతోషం నువ్వు పట్టుకుపోయావు, నాకది తిరిగి కావాలి. పాటంతా ఈ ఒక్క ముక్కే, దాన్ని వెతుక్కుంటూ వెస్ట్ మెంఫిస్‌కో స్లైడెల్‌కో వెళ్ళడమే. అప్పు వసూలుకు వచ్చినవాడు గుమ్మం ముందు నిలబడి అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నట్టుంటుంది. ప్రతిసారీ ఆ మాట ఒక్క వెంట్రుకవాసి వేరుగా పడుతుంది.

ఈ పట్టుదలకు ఖరీదు లేదని నేను అనను. మోర్లిక్స్ ఆమెను వదిలి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళ స్నేహం ఈ ఆల్బమ్ దగ్గర తెగిపోయింది. తను చేసిన పనిని పక్కన పెట్టి మరొకరి దగ్గర మళ్ళీ అదే పాటలు పాడుతుంటే, అక్కడే కూర్చుని గిటారు వాయించవలసి వచ్చిన మనిషి బాధ నాకు అర్థమవుతుంది. ఆల్బమ్ బాగా వచ్చింది కాబట్టి అది న్యాయమే అనడం నాకు చేతకాదు. గ్రామీలో సమకాలీన జానపద విభాగం బహుమతి వచ్చింది, విలేజ్ వాయిస్ పత్రిక విమర్శకుల ఓటింగులో 1998కి మొదటి స్థానం వచ్చింది, అమెరికాలో ఐదు లక్షల కాపీలు దాటి గోల్డ్ అయింది. ఇవేవీ ఆ లెక్కను చెల్లు చేయవు. అదే మెర్క్యురీ పేరు మీద ఏడాది ముందు వచ్చిన కంట్రీ పాప్ గాయని షనాయా ట్వైన్ ఆల్బమ్ కోట్లలో అమ్ముడైందన్న సంగతి పక్కన పెడితే ఐదు లక్షలు మరీ పెద్ద సంఖ్య కూడా కాదు. నేను అంటున్నది ఇంతే: ఖరీదు దేనికి కట్టిందో తెలియకుండా దుబారా అనకూడదు.

చివరి పాట "జాక్సన్". జాక్సన్ దాకా వెళ్ళేసరికి నువ్వు పెద్దగా గుర్తురావులే అంటుంది. లఫయెట్ చేరితే బెంగ ఉండదు, బ్యాటన్ రూజ్ చేరితే కన్నీటి చుక్క రాదు, విక్స్‌బర్గ్ చేరితే సరే. మ్యాప్ తీసి చూస్తే ఈ నాలుగూ నిజంగా ఒక దారి వెంట ఉన్న ఊళ్ళే. లూయిజియానా దిగువ నుంచి మిసిసిపీ నది వెంబడి పైకి వెళ్ళి తూర్పుకు తిరిగే దారి. ప్రతి ఊరికీ ఒక వాయిదా. ఆ గొంతులో ఎక్కడా బాధ అన్న మాట రాదు. ఊళ్ళ పేర్లు మాత్రం జాగ్రత్తగా, ఒక్కో అక్షరం పూర్తిగా పలుకుతుంది. మిగతా ఆల్బమంతా పదాల చివరలు మింగేసిన మనిషేనా అనిపిస్తుంది.

ఈ మధ్య ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మను అడిగాను. బదిలీ అయి లారీలో వెళ్ళేటప్పుడు అర్ధరాత్రి మీరిద్దరూ గుసగుసగా ఏం మాట్లాడుకునేవాళ్ళని. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కాసేపు ఆలోచించి, "ఏం మాట్లాడతాంరా, ఇంటివాళ్ళకు అడ్వాన్సు ఎంతివ్వాలో, నీ టీసీ వస్తుందో రాదో" అంది. తరువాత ఇంకేదో చెప్పబోయి, లోపల కుక్కర్ కూత పెడితే లేచి వెళ్ళింది.